టార్చి సెల్ కొనేముందు: ఎంఏహెచ్ ఒక్కటే చూడకండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. మీది మందస వైపు ఊరు. నాన్నగారు చీకటి పడ్డాక జీడితోటకీ, కొబ్బరితోటకీ వెళ్తారు. ఎలుగుల భయం ఉంది కాబట్టి వెయ్యి ల్యూమెన్ల (వెలుగు ఎంతో చెప్పే కొలత), 18650 సైజు సెల్ పట్టే టార్చి కొనిచ్చారు. అందులో వేస్తున్నవి మీ బావగారు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి ఇచ్చిన 2600 ఎంఏహెచ్ (సెల్ ఎంత చార్జ్ నిల్వ చేస్తుందో చెప్పే లెక్క) సెల్‌లు, మొత్తం నాలుగు. పెద్ద వెలుగు పెట్టిన కాసేపటికే టార్చి గుడ్డిదైపోతోంది. బజార్లో 9900 ఎంఏహెచ్ అని రాసిన సెల్ చూపించారు. నెట్‌లో 3500 ఎంఏహెచ్ సెల్‌లూ, 21700 అనే లావు సెల్‌లూ కనబడ్డాయి. ఏది కొనాలి, పాతవి పారేయాలా, పూర్తిగా దిగాకే చార్జింగ్ పెట్టాలన్న మాట నిజమేనా?

నాది పలాసలో ఇన్వర్టర్లు, చార్జింగ్ లైట్లు, బ్యాటరీ ప్యాకులు బాగుచేసే పని. ఉద్దానం ఊళ్ల టార్చీలు ఎక్కువగా నా బల్ల మీదికే వస్తాయి కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఆ 9900 సంగతి తేల్చేద్దాం. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. అంత డబ్బాలో పేరున్న కంపెనీలు మామూలుగా పట్టించగలుగుతున్నది 3500, 3600 ఎంఏహెచ్. ఈ మధ్య 4000 అని ఒకటి రెండు రకాలు వచ్చాయి. 9900 అన్నది ఈ సైజులో ఎవరూ చేయలేదు. కొట్లో అనుమానం వస్తే కాటా మీద పెట్టండి. అసలైన 18650 సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. ముప్పై చిల్లర గ్రాములే తూగితే లోపల సరుకు లేదన్నట్టే. పెద్ద డబ్బాలో చిన్న సెల్ పెట్టి, మిగతా చోటు ఏదో పొడితో నింపినవి కూడా ఉన్నాయి. అలాంటి దానికన్నా మీ బావగారిచ్చిన పాత సెల్ నయం. దాని మీద ఇక మాట్లాడను.

పాత సెల్‌కీ కొత్త సెల్‌కీ అసలు తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం. లిథియం అయాన్ సెల్‌ను సోనీ కంపెనీ 1991లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ తర్వాత చాలాకాలం పాజిటివ్ వైపు వాడిన పదార్థం ఎక్కువగా లిథియం కోబాల్ట్ ఆక్సైడే. 2200, 2400, 2600 ఎంఏహెచ్ ల్యాప్‌టాప్ సెల్‌లు చాలావరకు ఆ తరానివి. ల్యాప్‌టాప్ రెండు మూడు గంటల పాటు నెమ్మదిగా కరెంటు లాగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ అడగదు. అందుకే ఆ సెల్‌లను కూడా ఆ మేరకే చేశారు. ఉదాహరణకు శాంసంగ్ 26ఎఫ్ అనే 2600 సెల్‌కి కంపెనీ చెప్పిన గరిష్ఠ కరెంటు 5.2 ఆంప్స్, అదీ కొత్తగా ఉన్నప్పుడు.

తర్వాత ఖరీదైన కోబాల్ట్‌ని తగ్గించి నికెల్‌ని పెంచారు. కొన్నిటిలో నెగెటివ్ వైపు గ్రాఫైట్‌లో కొద్దిగా సిలికాన్ కూడా కలిపారు. డ్రిల్లింగ్ మెషీన్లకీ, ఎలక్ట్రిక్ వాహనాలకీ ఎక్కువ కరెంటు కావాల్సి వచ్చింది. టెస్లా వాళ్లు 2008లో తెచ్చిన రోడ్‌స్టర్ కారు వేలకొద్దీ 18650 సెల్‌లతోనే నడిచింది. 2017లో మోడల్ 3 కారుకి వచ్చేసరికి 21700 సైజుకి మారారు. మనకు టార్చీల్లోకి వస్తున్నవి చాలావరకు ఈ పెద్ద వ్యాపారాల కోసం చేసిన సెల్‌లే. టార్చి వాళ్లు వాటికి తమ లేబుల్ చుట్టి, కొన్నిటికి కింద చిన్న సర్క్యూట్ తగిలించి అమ్ముతారు. అందుకే టార్చి కంపెనీ పేరు కన్నా లోపలున్న సెల్ ఎవరిదన్నది ముఖ్యం.

అయితే కొత్త సెల్ అంటే ఒకే రకం కాదు. ఒక రకం ఎక్కువ నిల్వ చేస్తుంది: శాంసంగ్ 35ఈ 3500 ఎంఏహెచ్, 8 ఆంప్స్, ఎల్‌జీ ఎంజే1 కూడా 3500, 10 ఆంప్స్. ఇంకో రకం నిల్వ కాస్త తగ్గించుకుని ఎక్కువ కరెంటు ఇస్తుంది: శాంసంగ్ 30క్యూ 3000 ఎంఏహెచ్, 15 ఆంప్స్. బిందె ఎంత పెద్దదైనా మూతి ఇరుకైతే నీళ్లు ఒక్కసారిగా పడవు కదా, ఇదీ అంతే. అట్ట మీద పెద్దక్షరాల్లో బిందె సైజు ఒక్కటే రాస్తారు, మూతి సంగతి డేటాషీటులో (కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో) వెతుక్కోవాలి.

మీ టార్చి గుడ్డిదైపోవడానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంది. ప్రతి సెల్‌కీ లోపల కొంత రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, ఉంటుంది. మంచి కొత్త సెల్‌కి అది 0.02 నుంచి 0.04 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఏళ్ల తరబడి ల్యాప్‌టాప్‌లో వేడికి మగ్గిన సెల్‌కి 0.1 దాటిపోవడం మామూలే, 0.15 కూడా చూస్తుంటాం. వెయ్యి ల్యూమెన్లకి మీ టార్చి సుమారు 3 ఆంప్స్ లాగుతుందనుకోండి. 0.15 ఓమ్‌ల సెల్‌లో 0.45 ఓల్టు సెల్ లోపలే పోతుంది. 0.04 సెల్‌లో పోయేది 0.12 మాత్రమే.

అంత చిన్న తేడాకే ఇంత గొడవా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. సెల్ నిండుగా 4.2 ఓల్టుల దగ్గర ఉన్నప్పుడు ఏ తేడా కనబడదు. సగం పైగా వాడేశాక, లోడు లేనప్పుడు, అంటే టార్చి వెలగనప్పుడు, 3.7 చూపించే పాత సెల్, 3 ఆంప్స్ లాగగానే 3.25కి పడిపోతుంది. తెల్ల ఎల్ఈడీ పెద్ద వెలుగులో వెలగాలంటే దానికే మూడు ఓల్టుల పైచిలుకు కావాలి. స్విచ్చిలో, స్ప్రింగులో, సర్క్యూట్‌లో మరికాస్త పోతుంది. ఇక వెలుగు తగ్గక ఏం చేస్తుంది? అదే సమయంలో కొత్త సెల్ 3.58 ఇస్తూ నిలబడుతుంది. పాత సెల్‌లో మిగిలిన చార్జ్ ఎక్కడికీ పోలేదు, అది బయటికి వచ్చే దారి లేదంతే. చిన్న వెలుగులో పెడితే అదే సెల్ ఇంకా చాలాసేపు వెలుగుతుంది. మల్టీమీటర్ పెట్టి “3.7 ఉంది కదా, సెల్ బాగానే ఉంది” అనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. లోడు లేకుండా చూసిన ఓల్టేజి సెల్ ఆరోగ్యం చెప్పదు.

ఇంకో తిరకాసు. పాత సెల్ మీద 3.7 ఓల్టులు, కొత్త 3500 సెల్ మీద 3.6 ఓల్టులు అని ఉంటుంది. కొత్తది తక్కువ రకమని కొందరు వెనక్కి ఇచ్చేస్తుంటారు. రెండింటినీ నింపేది 4.2కే. నికెల్ ఎక్కువున్న సెల్ తన చార్జ్‌ని మొత్తం మీద కాస్త తక్కువ ఓల్టేజి దగ్గర ఇస్తుంది, దాని సగటు 3.6. దీనివల్ల చిన్న నష్టమూ ఉంది. 3500 ఎంఏహెచ్ అన్నది సెల్‌ని 2.5, 2.65 ఓల్టుల దాకా పిండితే వచ్చే లెక్క. ఆ చివరి భాగం మీ టార్చి పెద్ద వెలుగుకి పనికిరాదు, చిన్న వెలుగుకే పనికొస్తుంది. కాబట్టి 2600 నుంచి 3500కి వెళ్తే పెద్ద వెలుగు కూడా అదే లెక్కన మూడో వంతు ఎక్కువసేపు వస్తుందని ఆశపడకండి. శక్తి లెక్కలో అయితే 2600 సెల్‌లో 9.6 వాట్ అవర్లు, 3500 సెల్‌లో 12.6.

మరో అనుమానం కూడా తీర్చుకోవాలి. చేతిలో ఇమిడే టార్చీలు చాలావరకు వెయ్యి ల్యూమెన్లను గంటసేపు మోయలేవు. తల వేడెక్కగానే సర్క్యూటే వెలుగు తగ్గించేస్తుంది, చాలా మోడళ్లలో అది ఒకటి రెండు నిమిషాల్లోనే జరుగుతుంది. అది సెల్ తప్పు కాదు. తేడా పట్టడం సులువే. నిండా చార్జ్ చేసిన మంచి సెల్ ఒకటి ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చి వేసి చూడండి. దాంతో కూడా అదే సమయానికి తగ్గితే అది వేడి కోసం పెట్టిన ఏర్పాటు. మీ సెల్‌తోనే ముందుగా తగ్గితే సెల్ ముసలిదైందన్నమాట.

సెల్‌ని తప్పుపట్టే ముందు టార్చిని కూడా ఒకసారి విప్పి చూడండి. మన సముద్రం వైపు ఊళ్లలో, బారువ, వజ్రపుకొత్తూరు, భావనపాడు లాంటి చోట్ల, ఉప్పుగాలికి స్ప్రింగు, వెనక మూత మరలు, సెల్ ముట్టుకునే చోట్లు నల్లబడిపోతాయి. అక్కడ పెరిగే రెసిస్టెన్స్ కూడా సరిగ్గా పాత సెల్ లాగే వెలుగుని తినేస్తుంది. నా దగ్గరికి “సెల్ పోయింది” అని వచ్చే టార్చీల్లో చాలావాటికి చేసేది శుభ్రం చేయడమే. పెన్సిల్ రబ్బరుతో స్ప్రింగు కొన, మూత అంచు రుద్దండి, మొబైల్ రిపేరు వాళ్ల దగ్గరుండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, మరలకు కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, అది జిడ్డుకట్టి దుమ్ము పట్టుకుంటుంది.

ఇక ఏది కొనాలి. మీ నాన్నగారి టార్చికి 3500 ఎంఏహెచ్, 8 నుంచి 10 ఆంప్స్ ఇచ్చే రకం సెల్ ఒకటి, జేబులో స్పేరుకి ఇంకొకటి. అంతే. 3 ఆంప్స్ టార్చికి 15 ఆంప్స్ సెల్ పెట్టినా నష్టమేమీ లేదు, కానీ ఆ అదనం వాడకుండానే పడి ఉంటుంది, నిల్వ తగ్గుతుంది. మూడు నాలుగు వేల ల్యూమెన్లు అని చెప్పే టార్చీలకు మాత్రం ఎక్కువ కరెంటు రకమే పెట్టాలి. వాటిలో 2600 ల్యాప్‌టాప్ సెల్ పెడితే వెలుగు రాకపోవడం అటుంచి, సెల్ చేయి కాలేంత వేడెక్కుతుంది. అది ప్రమాదం.

కొనే ముందు రెండు కొలతలు చూసుకోండి. ఒకటి, పైభాగం. చదునుగా ఉండే ఫ్లాట్ టాప్, మొటిమలా పొడుచుకొచ్చే బటన్ టాప్ అని రెండు రకాలున్నాయి. తలకిందులుగా పెట్టినా సర్క్యూట్ కాలకుండా ఉండేందుకు కొన్ని టార్చీల్లో ముందు చిన్న ప్లాస్టిక్ రింగు ఉంటుంది, వాటిలో ఫ్లాట్ టాప్ ముట్టుకోదు. రెండోది పొడవు. కింద రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్ 65 కాకుండా 68 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, కొన్ని టార్చీల్లో మూత బిగియదు. బలవంతంగా బిగిస్తే సెల్ అడుగు నొక్కుకుపోతుంది. చోటు సరిపోతే మాత్రం మీ ఇంటికి ఈ రక్షణ ఉన్న ప్రొటెక్టెడ్ సెల్‌నే చెప్తాను. టార్చి ఆపడం మరిచిపోయినా సెల్‌ని మరీ అడుగంటా దిగనివ్వదు.

21700 గురించి చాలామంది ఇదేదో కొత్త విద్య అనుకుంటున్నారు. శాంసంగ్ 50ఈ 5000 ఎంఏహెచ్, అంటే 18 వాట్ అవర్లు. 3500 సెల్‌తో పోలిస్తే నలభై శాతం పైగా ఎక్కువ. కానీ 21 మిల్లీమీటర్ల మందం, 70 పొడవు అంటే డబ్బా పరిమాణం కూడా దాదాపు నలభై ఆరు శాతం పెరిగింది. బరువు ఇంచుమించు 70 గ్రాములు. నిల్వ పెరగడానికి ఇక్కడ కారణం రసాయనం మారడం కాదు, డబ్బా పెద్దదవడం. అసలు లాభం ఇంకోచోట ఉంది: మోలిసెల్ పీ42ఏ లాంటివి 4200 ఎంఏహెచ్ ఇస్తూనే 45 ఆంప్స్ దాకా తట్టుకుంటాయి. నిల్వా కావాలి, కరెంటూ కావాలి అనేవాళ్లకి అది మంచి సైజు. మీ దగ్గరున్న 18650 టార్చిలో అది పట్టదు. 21700 టార్చిలో మాత్రం ప్లాస్టిక్ గొట్టం వేసి 18650 వాడుకోవచ్చు. కాబట్టి తర్వాతెప్పుడైనా కొత్త టార్చి కొంటే 21700ది కొనండి, ఇప్పుడు దాని కోసం ఉన్నదాన్ని పక్కన పెట్టక్కర్లేదు.

పాత నాలుగు సెల్‌లని పారేయమని చెప్పను, పరీక్ష పెట్టమంటాను. ల్యాప్‌టాప్ ప్యాకులో ఒక జత పోయినా ప్యాకంతా పనిచేయడం మానేస్తుంది, మిగతావి బాగానే ఉండొచ్చు. ముందు ఓల్టేజి చూడండి. 2 ఓల్టుల కంటే కింద పడి ఉన్నదాన్ని చార్జ్ చేయకండి. అంత కిందికి దిగి ఉండిపోతే లోపలి రాగి రేకు కరిగి, మళ్లీ ఎక్కించేటప్పుడు లోపల్లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. తుప్పు, సొట్ట, తియ్యటి రసాయనం వాసన ఉన్నా అంతే, వద్దు. మిగిలినవి 4.2కి ఎక్కించి, తీసి, రెండు వారాలు వదిలేయండి. 4.1 పైన నిలబడితే మంచిది. 4 కిందికి జారితే దాని పని అయిపోయినట్టే. ఎక్కేటప్పుడు చేతికి వేడి తగిలినా పక్కన పెట్టేయండి. కెపాసిటీ కొలిచే చార్జర్ ఉంటే ఇంకా మంచిది: 2600 సెల్ 2000 కూడా చూపించకపోతే నేనైతే వాడను.

ప్లాస్టిక్ తొడుగు చినిగిందేమో తప్పకుండా చూడండి, పాజిటివ్ కొన దగ్గర మరీ ముఖ్యం. సెల్ డబ్బా అంతా నెగెటివ్. పాజిటివ్ మొటిమ చుట్టూ ఉన్న అంచు కూడా నెగెటివే. అక్కడ తొడుగు చిరిగితే, ఏదైనా లోహం రెంటినీ కలిపిన క్షణంలో నిప్పులే. కొత్త తొడుగు గొట్టాలు, కాగితం రింగులు పైసల్లో దొరుకుతాయి, వేడిగాలి చూపిస్తే బిగుసుకుంటాయి.

పాసైన పాత సెల్‌లు ఎక్కడ వాడాలంటే, తక్కువ కరెంటు లాగేచోట. టార్చి చిన్న వెలుగుకి 0.3 ఆంప్స్ చాలు, అలాంటప్పుడు 2000 మిగిలిన పాత సెల్ కూడా ఆరు గంటలు దాటి వస్తుంది. వంటింట్లో ఎమర్జెన్సీ లైటు, ఆవులశాలలో తలకి కట్టుకునే లైటు, వీటికి బంగారంలా సరిపోతాయి. ఎలుగు ఎదురుపడే తోవలో మాత్రం నాన్నగారి చేతిలో అవి పెట్టకండి. రెండు సెల్‌లు వరుసగా పట్టే టార్చి ఏదైనా ఉంటే పాతదీ కొత్తదీ కలిపి అసలు వేయొద్దు. బలహీనమైనది ముందుగా ఖాళీ అయిపోయాక రెండోది దాన్ని ఎదురు దిశలో నెట్టేస్తుంది, పొగ వచ్చేది అలాంటప్పుడే.

పూర్తిగా దిగాకే చార్జింగ్ పెట్టాలన్నది పాత నికెల్ కాడ్మియం సెల్‌ల నాటి మాట. లిథియంకి అది చెరుపు. సగంలో ఉన్నా, ముప్పావు ఉన్నా పెట్టుకోవచ్చు. అసలు వీటిని ముసలివి చేసేది రెండు: వేడి, నిండా ఎక్కించి ఊరికే ఉంచడం. రెండూ కలిస్తే మరీ. రేకుల కప్పు కింద, మే నెలలో, నిండు చార్జ్‌తో అటక మీద పెట్టిన స్పేరు సెల్ వాడకుండానే పాడవుతుంది. రోజూ వాడేది నిండా ఎక్కించుకోండి, పర్వాలేదు. దాచుకునేవి మాత్రం 3.7, 3.8 ఓల్టుల దగ్గర ఆపి, ఇంట్లో చల్లటి గోడ బీరువాలో, డబ్బాలో పెట్టండి. మూడు నాలుగు నెలలకోసారి చూస్తే చాలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. తుపాను వస్తుందని రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది కదా, దాచినవి అప్పుడు 4.2కి నింపుకుంటే సరిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిండుగానే ఉంచుకుంటానంటే కూడా కాదనను. సెల్ ఆయుష్షు కాస్త తగ్గినా, కరెంటు లేని రాత్రి టార్చి వెలగడమే ముఖ్యం. ఇంకొక్కటి: పక్కన బటన్ ఉండే టార్చీలు ఆపి ఉన్నా కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. పెట్టెలో పెట్టేటప్పుడు వెనక మూత పావు మర వదులు చేయండి.

చార్జర్ విషయంలో పిసినారితనం పనికిరాదు. 4.2 దగ్గర తనంతట తానే ఆగే రకం కావాలి, ఒక సెల్‌కి 1 ఆంప్ చాలు. టార్చితోపాటు ఉచితంగా వచ్చే పిన్ను చార్జర్లలో కొన్ని ఆగనే ఆగవు, అలాంటివి నేను కొట్లోంచి పంపేటప్పుడే తీసేస్తాను. రాత్రి పడుకునేటప్పుడు పెట్టి వదిలేయడం, మంచం పక్కన దూది పరుపు మీద పెట్టడం మానాలి.

సోలార్ వీధి లైట్లలోంచి తీసిన లావు సెల్‌లు, 32650 అని ఉండేవి, ఎవరైనా ఇస్తే వాటిని వీటితో కలపకండి. అవి చాలావరకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, 3.2 ఓల్టులవి, నింపేది 3.65కే. మీ 4.2 చార్జర్‌లో పెడితే పాడవుతాయి. చాలా ఏళ్లు వస్తాయి, అంత తేలిగ్గా అంటుకోవు, ఇంటి లైటుకి భేషుగ్గా ఉంటాయి. ఒక్క సెల్ టార్చికి మాత్రం ఓల్టేజి చాలదు.

చనిపోయిన సెల్‌ల రెండు కొనలకీ టేపు అతికించి మొబైల్ రిపేరు కొట్లో గానీ, బ్యాటరీల కొట్లో గానీ ఇవ్వండి. చెత్త తగలబెట్టే చోట పడేస్తే పేలతాయి. నెట్‌లో ఆర్డరు పెడితే లిథియం సెల్‌లు ఎక్కువగా రోడ్డు మీదే వస్తాయి, కాస్త ఆలస్యమవుతుంది కాబట్టి తుపానుల కాలానికి ముందే తెప్పించుకోండి. మీ టార్చి వెనక మూత లోపలి భాగం, ముందు సెల్ ముట్టుకునే చోటు, రెండూ ఫోటో తీసి పెట్టండి. బటన్ టాప్ కావాలో ఫ్లాట్ టాప్ సరిపోతుందో చూసి చెప్తాను.